నేలపట్టు చెరువు: పక్షులతో పొరుగుతనము

నెల్లూరు తీరచరిత్ర అనగానే మనకు రేవులును, కోటలును, వాటికై పోరాడిన రాజులును, దొరలును జ్ఞప్తికి వత్తురు. అట్టి చరిత్రకు ఈ మండలమున కొరత లేదు. దానితో పాటు ఇచట మరియొక చరిత్రయును నడచినది. అది ఏటేట చెట్టుకొమ్మలమీద పుల్లలతో కట్టబడి, ఏటేట గాలికి చెదరిపోయి, వచ్చు సంవత్సరము మరల కట్టబడునది. మనుష్యులును పక్షులును ఒకే చెరువును పంచుకొని బ్రతికిన చరిత్ర అది. దొరవారిసత్రమునకు చేరువ నున్న నేలపట్టు అను చిన్న గ్రామము దానికి సజీవసాక్షి.

చెన్నపట్టణము నుండి నెల్లూరునకు పోవు రైలు సూళ్ళూరుపేట దాటి మరికొంత దూరము సాగిన పిమ్మట దొరవారిసత్రము స్టేషను వచ్చును. 2022 ఏప్రిల్‌లో జరిగిన జిల్లాల పునర్విభజనలో ఈ ప్రాంతము తిరుపతి జిల్లాలో చేర్చబడినది. అయినను భాషలోను, పంటలలోను, బంధుత్వములలోను ఇది నెల్లూరు సీమయే. తూర్పున పులికాటు సరస్సు. పూర్వులు దీనినే ప్రళయకావేరి యనిరి. ఉప్పునీరును మంచినీరును కలిసిన సరస్సులలో మన దేశమున చిల్కా తరువాత ఇదియే పెద్దది. విస్తీర్ణము సుమారు 450 చదరపు కిలోమీటర్లు. అందు అధికభాగము ఆంధ్రప్రదేశములోనిది, తక్కినది తమిళనాడులోనిది. ఇంత పెద్ద సరస్సునకు సగటు లోతు ఒక మీటరు మాత్రమే. సరస్సునకును బంగాళాఖాతమునకును నడుమ శ్రీహరికోట దీవి గోడవలె నిలిచియున్నది. ఉత్తరమున స్వర్ణముఖి, కాళంగి నదుల నీరును, దక్షిణమున ఆరణి నది నీరును, ముఖద్వారముల గుండ సముద్రపు పోటునీరును ఇందు చేరును. రొయ్యయు, చేపయు, పురుగును, నాచును సమృద్ధిగ పెరుగుటకు ఇంతకంటె తగిన తావు అరుదు. ఆహారమున్న చోటికి పక్షి రాకమానదు.

ఈ తీరపు పక్షులను గూర్చి శాస్త్రరీతిని వ్రాసిన తొలి వారిలో ఒకడు వైద్యుడు. టి. సి. జెర్డన్ 1836లో కుంఫిణీ కొలువున సహాయవైద్యుడుగ మద్రాసునకు వచ్చి, 1840 తరువాత నెల్లూరున సివిల్ సర్జనుగ పనిచేసెను. ఆస్పత్రి పని ముగిసిన పిదప ఆయన మనస్సంతయు పక్షులమీదనే. ఇచటి యానాదులతో ఆయనకు పరిచయము కలిగెను. ఏ పిట్ట ఎక్కడ గ్రుడ్లు పెట్టునో, ఏ మొక్క ఏ రోగమునకు పనికివచ్చునో, దేనిని తెలుగున ఏమందురో ఆయన వారి నుండి తెలిసికొనెను. 1847 నాటికి మద్రాసున వెలువడిన ఆయన చిత్రగ్రంథములో ఏబది పటములు కలవు. పక్షులను చిత్రించినవారు మన దేశపు చిత్రకారులు. తరువాత 1862 మొదలు 1864 వరకు వెలువడిన ఆయన ప్రధానగ్రంథములో పక్షులకు శాస్త్రనామములతో పాటు తెలుగు పేర్లును కనిపించును. ఆ పేర్లను చెప్పిన నోళ్ళు ఎవరివో గ్రంథములు చెప్పవు. పుస్తకము దొరది, నామకరణము మన అడవులలో తిరిగిన నిరక్షరాస్యులది. ఈ మాటను మనము మరువరాదు.

నెల్లూరు, కడప సీమల పొదలలో జెర్డన్‌కు దొరకిన ఒక పక్షి కథ ఇందుకు నిదర్శనము. 1848లో దానికి శాస్త్రనామము కలిగెను. మనము దానిని కలివికోడి అందుము. 1900 ప్రాంతమున అనంతపురము చేరువ ఒకమారు కనబడి, పిదప అదృశ్యమయ్యెను. పండితులు అది నశించినదనియే తలచిరి. 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లి సమీపమున అది మరల దొరకినది. వెదకవచ్చినవారు బొంబాయి ప్రకృతిచరిత్ర సంఘము వారు. దానిని పట్టి చూపినవాడు ఆ ఊరి చుట్టుప్రక్కల పిట్టలు పట్టువాడు. నూటనలువదేండ్లు గడచినను పద్ధతి మారలేదు: శాస్త్రము అడుగును, పల్లె చెప్పును.

ఇక గూడబాతును గూర్చి జెర్డన్ చెప్పిన మాట మన విషయమునకు మూలము. కర్నాటక సీమలో తాను ఒక గూడబాతుల నివాసమును చూచితిననియు, అది ఊరి నడుమ నున్న పొట్టిచెట్లమీదనే యున్నదనియు, యుగములుగ ఇట్లే జరుగుచున్నదని ఊరివారు చెప్పిరనియు, మనుష్యులు నిరంతరము మసలుచున్నను పక్షులకు లెక్కలేకుండెననియు ఆయన వ్రాసెను. ఆనాటి కర్నాటక సీమ అనగా నేటి కర్ణాటక రాష్ట్రము కాదు. ఆర్కాటు నవాబుల ఏలుబడిలో నుండిన తూర్పుతీరము. 1801లో కుంఫిణీ వశమగువరకు నెల్లూరును అందులోనిదే. అంతటి పెద్ద పక్షి, పిల్లలను పెంచుకొనునప్పుడు అడవిలోని ఏకాంతమును వదలి, ఊరి నడుమ చెట్టును కోరుకొనుట ఏమి వింత! నక్కయు, పిల్లియు, గద్దయు మనుష్యుల సందడికి జంకును. మనుష్యుడు చేయి చేసికొనకున్న చాలును. ఊరే పక్షికి కోట యగును. ఆ నమ్మకమే ఈ చరిత్రకంతకు పునాది.

ఊరివారికి ఇందు కలిగిన లాభమేమి? భూతదయ యని మాత్రము చెప్పి ఊరకుండుట చాలదు. పొరుగున చెంగల్పట్టు సీమలోని వేడంతాంగల్ గ్రామము ఇందుకు సమాధానము చెప్పును. అచటి చెరువులోని చెట్లమీద కొంగలును, నీటికాకులును గూళ్ళు కట్టును. వాటి రెట్ట నీటిలో పడును. ఆ నీరు పొలములకు పారి ఎరువై పంటను పెంచును. 18వ శతాబ్ది చివర దొరల సిపాయిలు ఆ పక్షులను కాల్చుచుండగా, రైతులు కలెక్టరు లయొనెల్ ప్లేసుతో మొరపెట్టుకొని, పక్షులను ఎవరును కొట్టరాదని కౌలు సంపాదించిరి. 1858లో దానిని మరల స్థిరపరచుకొనిరి. 1936లో అది పక్షిరక్షణ స్థలముగ గుర్తింపబడినది. చట్టము పుట్టకముందే రైతులు ప్రభుత్వముచేత సంతకము పెట్టించుకొన్న రక్షణ అది. నేలపట్టు రైతులకును చెరువునీటి విలువ ఇట్లే తెలియును. వారి చేతిలో కౌలుపత్రము లేకపోవచ్చును. ఆచారము మాత్రము అదియే.

తెలుగుదేశమున ఇట్టి ఊళ్ళు నేలపట్టు ఒక్కటియే కాదు. శ్రీకాకుళము జిల్లా టెక్కలి చేరువ తేలినీలాపురము, గుంటూరు చేరువ ఉప్పలపాడు, అనంతపురము సీమలో చిలమత్తూరు చేరువ వీరాపురము, ఈ మూడు గ్రామములును కొంగలను, గూడబాతులను అతిథులుగ చూచుకొన్నవే. వీరాపురమున చింతచెట్లమీద గూళ్ళు కట్టు ఎర్రకాళ్ళ కొంగలు ఆలస్యముగ వచ్చినచో ఆ యేడు వానలకు లోటు కలుగునేమోయని రైతులు శంకింతురు. దీనిని మూఢవిశ్వాసమని త్రోసివేయనక్కరలేదు. చెరువు నిండనిచో చేప లేదు, చేప లేనిచో పిల్లకు మేత లేదు. కావున పక్షి రాకుండుటలో వానకబురు కొంత ఉండనే యున్నది.

అయితే పొరుగుతనము ఎప్పుడును తెగనిది కాదు. చరిత్ర ఈ విషయమున మనలను గట్టిగ హెచ్చరించుచున్నది. మన తెలుగు కూలీలు ఓడలెక్కి రంగూనునకు పోవుచుండిన కాలమున, బర్మాలో సిట్టాంగు నది మైదానమందలి మహావృక్షములమీద గూడబాతులు లక్షలాదిగ గూళ్ళు కట్టుచుండెను. 1877 నవంబరులో ఓట్సు అను ఆంగ్లేయుడు ఆ అడవిని చూచి ఆశ్చర్యపడి వ్రాసెను. 1940 రాకముందే ఆ కొలువు మాయమయ్యెను. లక్షలున్నవి గదా, తరుగునా అను ధైర్యము ఎంత బలహీనమైనదో సిట్టాంగు చెప్పినది.

మన గడ్డమీదనే మరియొక ఉదాహరణము కలదు. 1946లో కె. కె. నీలకంఠన్ అను కేరళీయుడు పశ్చిమగోదావరి జిల్లా కొల్లేటి ప్రాంతమున, ఆరేడు గ్రామము చేరువ, గొప్ప గూడబాతుల నివాసమును కనుగొనెను. ఇందుచూడన్ అను కలముపేరుతో మలయాళమున పక్షులను గూర్చి వ్రాసి ప్రసిద్ధి చెందినవాడు ఆయనయే. ఆ చెట్లమీద అప్పుడు మూడు వేలకు దగ్గరగ గూడబాతులు గూళ్ళు కట్టియుండెను. 1949లో ఆ వృత్తాంతము బొంబాయి సంఘపు పత్రికలో అచ్చయ్యెను. దేశములోని పక్షిప్రియులు కొల్లేటివైపు చూచిరి. కాని 1970 దశాబ్ది గడచునప్పటికి ఆ నివాసము శూన్యమయ్యెను. కనుగొనబడిన ముప్పదేండ్లలోపల ఒక మహాజనపదము లేచిపోయినది. ఇటీవలి దశాబ్దములలో కైకలూరు చేరువ ఆటపాకలో గూడబాతులు మరల నిలదొక్కుకొన్నవి. 1999లో కొల్లేరు రక్షితస్థలమైనది. 2002లో రామ్‌సర్ ఒడంబడిక జాబితాకు ఎక్కినది. అయినను ఒకమారు విరిగిన నమ్మకము అతుకుటకు ఒక తరము పట్టినది.

కొల్లేటి కొలువు చెదరిన ఆ దినములలోనే నేలపట్టునకు ప్రాధాన్యము పెరిగినది. 1983లో ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు చెందిన నాగులు, రమణారావు అను ఇరువురు పండితులు దక్షిణదేశపు గూడబాతుల నివాసములను గూర్చి ప్రకటించిన పరిశీలన ఈ రంగమున ముఖ్యమైనది. కొల్లేటి శూన్యమును నేలపట్టు ఒక్కటియే పూరించినదని మనము చెప్పజాలము. కాని ఒక నివాసము ఆరిపోయినప్పుడు, మిగిలినదాని భారము ఎంత హెచ్చునో ఊహించుట కష్టము కాదు.

నేలపట్టున ఉన్న విశేషము చెరువులో మొలచిన కడప చెట్లు. ఇవి నీటిలో నిలిచి బ్రతుకగల వృక్షములు. ఈశాన్యపు వానలకు చెరువు నిండగానే మొదళ్ళు మునిగిపోవును, కొమ్మలు మాత్రము పైకి తేలియుండును. అప్పుడు ప్రతి చెట్టును ఒక దీవి యగును. నక్కకు గాని, పాముకు గాని, కుక్కకు గాని దారి సులభము కాదు. చెరువు చుట్టును తీరపు పొడియడవి. అక్టోబరు నాటికి గూడబాతులు వచ్చి, పాత కొమ్మలనే ఎన్నుకొని, పుల్లలతో గూళ్ళు కట్టును. మూడు నాలుగు తెల్లని గ్రుడ్లు పెట్టి, నెలరోజులు పొదుగును. పిల్లలు మూడు మొదలు ఐదు నెలలు గూటిని అంటిపెట్టుకొని యుండును. ఈ నెలలన్నియు తల్లిదండ్రులు పులికాటునకును నేలపట్టునకును నడుమ ఆకాశమార్గమున తిరుగుచునే యుండును. సరస్సు వాటి అంగడి, చెరువు వాటి ఇల్లు. ఈ రెంటిలో ఏది చెడినను సంసారము సాగదు.

గూడబాతు అను పేరులోని గూడ మన రైతునకు వెంటనే నీరుతోడు గూడను జ్ఞప్తికి తెచ్చును. ముక్కు క్రింద వ్రేలాడు తోలుసంచితో నీటిని, చేపను కలిపి ఎత్తి, నీటిని పారబోసి చేపను మ్రింగు పక్షికి ఇంతకంటె తగిన పేరు ఏ భాషలోనైన దొరకునా? పిల్ల తన తలను తల్లి సంచిలో దూర్చి, సగము జీర్ణించిన చేపను తినును. పసిపిల్లలకు ఆ దృశ్యము మొదట భయము గొలిపినను, కొంతసేపు చూచిన పిమ్మట ముచ్చట కలుగును.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ననుసరించి, 1976 సెప్టెంబరులో నేలపట్టును పక్షిరక్షణ కేంద్రముగ ప్రకటించిరి. దాని విస్తీర్ణము 458.92 హెక్టార్లు. ఆంధ్రప్రదేశములోని పులికాటు భాగమును ఆ సంవత్సరమే రక్షితమయ్యెను. తమిళనాడు భాగము 1980లో రక్షితమైనది. ఆచారమునకు చట్టము తోడుపడుట మంచిదే. అయితే ఆచారము పాటించినవాడు తన ఊరిచెరువును తానే కాచుకొనువాడు. చట్టము వచ్చిన పిదప అతడు కావలివాని అనుమతి పొందవలసినవాడగును. ఈ మార్పు చిన్నది కాదు. సరస్సులో వల వేసి బ్రతుకు జాలరికి గూడబాతు పోటీదారు వలె కనబడిన దినములు లేకపోలేదు. పక్షిని కాచుటకు చేయు ప్రతి ఏర్పాటునందును ఈ రైతును, ఈ జాలరిని కలుపుకొననిచో, కౌలు లేకుండగనే ఇన్నినాళ్ళు నిలిచిన పొరుగుతనము కాగితముమీద మాత్రము మిగులును.

ఇదే కాలమున సరస్సునకు ఆవల మరియొక చరిత్ర ఆరంభమయ్యెను. 1969లో శ్రీహరికోటను రాకెట్టు కేంద్రమునకు ఎన్నుకొనిరి. 1971 అక్టోబరు 9వ తేదీన అచటి నుండి మొదటి రోహిణి రాకెట్టు ఎగిరినది. ఆ దీవి అడవులలో తరతరములుగ బ్రతికిన యానాదులు తావు విడువవలసివచ్చెను. 1835లో ప్రభుత్వము ఆ దీవిని స్వాధీనపరచుకొన్నప్పుడు అచట కనుగొన్న జనులు వీరి పూర్వులే. సూళ్ళూరుపేట నుండి దీవికి సరస్సును చీల్చుకొని రోడ్డుకట్ట వేయబడినది. దేశమునకు కీర్తి తెచ్చిన పని అది. అందు సందేహము లేదు. రోడ్డుకిరువైపుల రాజహంసలు నిలిచియుండగా, వెనుక రాకెట్టు లేచు దృశ్యము లోకమున మరియొకచోట దుర్లభము. కాని కట్ట నీటిపోకకు అడ్డమై, ఉత్తరభాగము వేసవిలో త్వరగ ఎండిపోవుటయు, ముఖద్వారములు ఇసుకమేటలతో పూడుటయు ఆ కీర్తితో పాటు లెక్కింపవలసిన విషయములు. సముద్రపునీరు రానిచో రొయ్య రాదు. రొయ్య రానిచో జాలరియు, పక్షియు ఒకేమారు పస్తుండవలసినదే. ఈ విషయమున వారు పోటీదారులు కారు, తోడిబాధితులు.

వసంతమున మిత్రులు పదిమంది కూడి, పిల్లలను వెంటబెట్టుకొని నేలపట్టునకు పోవుట మంచి వినోదము, మంచి పాఠము. ఫిబ్రవరి, మార్చి నెలలలో గూళ్ళయందు ఎదిగిన పిల్లలు రెక్కలు విదుర్చుచు ఎగురుటకు ప్రయత్నించును. ఏప్రిల్ దాటినచో చెరువు తరిగి, కొమ్మలు బోసిపోవును. సూర్యోదయమునకే చేరినచో మేతకు పోవు పక్షులను చూడవచ్చును. ఎండ ముదిరిన పిదప అవి గాలితరగలమీద సుడులు తిరుగుచు పైకి లేచుటను చూడవచ్చును. గూడబాతులతో పాటు తెల్లకంకణములును, నత్తగుల్ల కొంగలును, నీటికాకులును, పాము వంటి మెడను మాత్రము నీటిపై చాపి ఈదు పాముబాతులును, పగలు కునికి రాత్రి వేటాడు వక్కులును కనబడును. ఇచట గుర్తింపబడిన పక్షిజాతులు 190కి దగ్గరగ కలవు. అందు ఏబదివరకు దూరదేశముల నుండి వచ్చునవి. తోకబాతులు మొదలగు ఉత్తరపు అతిథులు వసంతము ముదురకమునుపే తిరుగు ప్రయాణము కట్టును. తిరిగి వచ్చునప్పుడు సూళ్ళూరుపేట మీదుగ పులికాటు గట్టునకు పోయినచో, వంకరముక్కును తలక్రిందుగ నీట ముంచి బురదను వడగట్టుకొనుచున్న రాజహంసలు కనబడును. ఇవి ఇచట మేయుటకే వచ్చినవి. మన దేశమున వీటి ప్రసిద్ధమైన పుట్టినిల్లు పడమట కచ్ఛ రణ్ ప్రాంతము.

గుంపుగ పోవువారు కొన్ని మర్యాదలు పాటింపవలెను. మెరయు రంగుబట్టలు మాని, మట్టిరంగు బట్టలు కట్టుకొనుట మేలు. కేకలు, చప్పట్లు కూడవు. గూడునుండి తల్లి బెదరి లేచినచో, ఆ కొద్ది నిమిషములలోనే కాకియు గద్దయు గ్రుడ్డును, పసిపిల్లను ఎత్తుకొనిపోవును. లేత పిల్లకు ఎండదెబ్బ తగులును. మన ముచ్చటకు మూల్యము అది చెల్లించును. గట్టు దిగి చెట్ల క్రిందికి పోవుటకంటె, గోపురమెక్కి దుర్భిణీతో చూచుటయే ఉత్తమము. అన్నిటికంటె ముఖ్యము ఆ ఊరి పెద్దలలో ఒకరిని పలుకరించుట. ఈ యేడు పక్షులు ఎప్పుడు వచ్చినవి, చెరువు ఎంత నిండినది, పంట ఎట్లున్నది అని అడిగినచో, ఏ పుస్తకమునను దొరకని సంగతులు దొరకును. జెర్డన్ నేర్చుకొన్న విధానమును అదియే.

నేలపట్టున నిలువవలసినవి నాలుగు: చెరువులో నీరు, నీటిలో కడప చెట్లు, సరస్సులో చేప, ఊరివారి మనస్సు. వానలు తప్పిన యేడు పక్షులు రాకున్నను, వచ్చు యేడు వచ్చును. రెట్టకు మాడి కొమ్మలు ఎండినను, మొక్కలు నాటి పెంచవచ్చును. పూడిన ముఖద్వారమును త్రవ్వవచ్చును. నాలుగవది చెడినచో దానిని బాగుచేయు యంత్రము లేదు. కొల్లేటి చెట్లు ముప్పదేండ్లలో బోసిపోయిన సంగతి మన తరమునకు తెలియును గనుక, తెలియలేదని చెప్పుటకు మనకు వీలులేదు.

గూడబాతునకు మన చరిత్ర తెలియదు. తన తల్లి పెంచిన కొమ్మ ఉన్నదా, నీరున్నదా, క్రింద మసలు మనుష్యులు రాయి విసరక తమ పని తాము చూచుకొనుచున్నారా, ఇంతమాత్రమే అది చూచుకొనును. ప్రతి అక్టోబరునను అది ఆకాశమున ఒక చుట్టు తిరిగి, క్రిందికి చూచి, మనలను గూర్చి ఒక నిర్ణయమునకు వచ్చును. ఇన్నాళ్ళును నేలపట్టు విషయమున ఆ నిర్ణయము మనకు అనుకూలముగనే యున్నది.